గాజుతొట్టిలో సముద్రము

సముద్రమును ఇంటికి తెచ్చుకొనవలెనను కోరిక మానవునకు నిన్న మొన్న పుట్టినది కాదు. తీరమున గవ్వలేరు పసివానియందే ఆ కోరిక కలదు. నేడు మన నగరములలో కొందరి ఇండ్ల ముందుగదులలో అది ఉప్పునీటి గాజుతొట్టి రూపమున వెలసియున్నది. నీలపు వెలుగులో పగడపు జీవులు విచ్చుకొనుచుండును. తెల్లని పట్టీలుగల క్లౌన్ చేప, సీ అనిమోన్ అను పువ్వువంటి జంతువు నడుమ దాగికొనుచుండును. చూచినవారికి కన్నుల పండువు. కాని కన్నులు తృప్తిపొందిన పిదప మనస్సొక ప్రశ్న నడుగును: మనము ప్రేమించుదానిని దాని చోటినుండి పెకలించి తెచ్చి మన ఇంట నుంచుకొనుట ధర్మమేనా?

ఈ వేడుక చరిత్రలో ఇంగ్లాండు దేశపు కథలు రెండు తలచుకొనదగినవి. 1846లో అన్నా థిన్ అను దొరసాని టార్కీ తీరమునుండి పగడపు జీవులను లండనుకు తెచ్చి బ్రతికించెను. నీటికి గాలి తగులుటకై ఆమె ఇంటి పరిచారిక తెరచిన కిటికీ యెదుట నిలిచి, ఆ నీటిని ఒక పాత్రనుండి మరియొక పాత్రకు అరగంట, ముప్పావుగంట సేపు పోయుచుండెడిది. చరిత్ర దొరసాని పేరు నిలిపినది. ఆ పరిచారిక చేతులను తలచువారు అరుదు. ఇంటిలోని సముద్రము ఎవరి శ్రమమీద నిలుచుచున్నదను ప్రశ్న ఆనాడే పుట్టినదన్నమాట.

1854లో ఫిలిప్ హెన్రీ గాస్ ‘ది అక్వేరియం’ అను గ్రంథమును ప్రచురించెను. ఆయన సముద్రజీవులను భక్తితో పరిశీలించినవాడు. ఆ భక్తి లోకులకును కలుగవలెనని వ్రాసినవాడు. ఫలమేమి? ఆయన పుస్తకములు చదివి ముచ్చటపడినవారు తండోపతండములుగా తీరముమీద పడిరి. బాల్యమున తాను చూచిన నిండైన రాతిమడుగులు ఆ సేకరణకర్తల చేతులలో ఎట్లు బోసిపోయెనో, అందులకు తండ్రి ఎంత నొచ్చుకొనెనో ఆయన కుమారుడు ఎడ్మండ్ గాస్ 1907లో వెలువడిన ‘ఫాదర్ అండ్ సన్’ అను పుస్తకమున చెప్పియున్నాడు. ద్వేషించినవాడు తలపెట్టని నాశము ప్రేమించినవారివలన జరిగెను.

అంత దూరము పోనేల? మన్నార్ సింధుశాఖలో తూత్తుకుడికిని రామేశ్వరమునకును నడుమ 21 దీవులు గలవు. కోవిల్పట్టి, ఎట్టయపురము ప్రాంతములందు తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములకు అది పొరుగు సముద్రమే. సున్నమునకును కట్టడములకును పగడపు రాతిని మితిమీరి త్రవ్వుకొనుటచేత వానిలో రెండు దీవులు నీట మునిగినవి. 1986లో ఆ ప్రదేశము జాతీయ సముద్ర ఉద్యానముగా ప్రకటింపబడినది. 2001లో రాతిపగడములు వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చబడినవి. కావున మన సముద్రమునుండి వానిని పెకలించి తెచ్చుట నేరము. చట్టము చేతిని మాత్రమే ఆపగలదు. కోరికను అదుపుచేసికొనుట మనవంతు.

‘చూడనిదానిపై పిల్లలకు మమకారమెట్లు కలుగును?’ అని కొందరందురు. ఈ మాటను మేము తేలికగా త్రోసివేయజాలము. సముద్రమునకు వందలమైళ్ల దూరమున పెరుగు బిడ్డకు ఆ తొట్టియే మొదటి సముద్రము కావచ్చును. దీనికొక మంచి దారియు ఏర్పడియున్నది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు క్లౌన్ చేపలను తొట్లలోనే గ్రుడ్లు పెట్టించి, పొదిగించి, పెంచు పద్ధతిని రూపొందించిరి. వలలో పట్టిన చేపకును అట్లు పెరిగిన చేపకును రూపమున భేదము కనబడదు. కాని ఒకదానికొరకు ఏదో ఒక దిబ్బ కొంత బోసిపోయినది. రెండవదానికొరకు ఏ దిబ్బయు బోసిపోలేదు.

చేప వచ్చినంతమాత్రమున పని తీరదు. చేపల మలినమునుండి పుట్టు అమ్మోనియా వానికే విషము. దానిని నైట్రైటుగను, పిదప నైట్రేటుగను మార్చు బాక్టీరియా రాళ్లలోను ఇసుకలోను కుదురుకొనుటకు కొన్ని వారములు పట్టును. ఆ ఓపిక లేక మొదటి దినముననే చేపలను వదలినవారు వాని చావును చూతురు. నీటిలో వేయి పాళ్లకు సుమారు 35 పాళ్ల ఉప్పు ఉండవలెను. ఇందొక సూక్ష్మము గలదు. దినదినము నీరు ఆవిరియగును గాని ఉప్పు ఆవిరికాదు. మట్టము తగ్గినదని క్రొత్తవాడు మరల ఉప్పునీరే పోయును. ఉప్పు హెచ్చి జీవులు నశించును. తెలిసినవాడు శుద్ధిచేసిన మంచినీటినే, ప్రతిదినము కొంచెము కొంచెముగా పోయును.

పరభాషా ప్రాంతములందు తరములు గడపిన మన ఇండ్లకు ఈ సూక్ష్మము వర్తించునని మాకు తోచుచున్నది. మన ఇంటిపేరు పోలేదు, ఉగాది పచ్చడి పోలేదు. ఆవిరియగుచున్నది ఇంటిలోని అనుదినపు మాట. ఆ లోటు తీర్చుటకు ఏటేట ఉత్సవమును మరింత ఘనముగా జరుపుట ఉప్పునకు ఉప్పు చేర్చుటయే. ఇట్టి సంచికలును ఉప్పువంటివే. కావలసినవే గాని చాలవు. రాత్రి భోజనమువేళ మనుమరాలితో ఆడు నాలుగు తెలుగు మాటలు మంచినీరు.

కావున ఇంట సముద్రము నుంచుకొనవచ్చునా యన్న, మా సమాధానమిది. అందులోని జీవులు ఏ దిబ్బను కొల్లగొట్టి తెచ్చినవి కాక, దానిని సాకు శ్రమ మనదే యైనచో ఉంచుకొనవచ్చును. అది చేతకానిచో పిల్లల చేయిపట్టుకొని ఆటువేళ తీరమునకు పోయి, మడుగులో వంగి చూచి, వట్టిచేతులతో మరలి రావలెను. ఆ సముద్రము మరునాడును అచ్చటనే యుండును.