గడప ముందర చెప్పులు

పోయిన వానాకాలంలో ఒక సాయంత్రం, బడి వదిలినాక, పదో తరగతి చదివే ఒక పాప నా దగ్గరికొచ్చి నిలబడింది. "సార్, మా ఇంటికొచ్చేవాళ్ళను చెప్పులు బయట విడిచి రమ్మని అడగొచ్చా? అడిగితే తప్పా?" అంది.

ఆ పాపది మన యానాది కుటుంబమే. శ్రీకాళహస్తి పక్క ఒక మామిడి తోటలో కాపలా ఉంటారు. తోటలోనే కొట్టం, ఒకటే గది. ముందురోజు ఏదో పథకానికి పేర్లు రాసుకునేదానికి ఒకాయన వచ్చాడట. వాన పడి తోటంతా బురదగా ఉంది. ఆయన బూట్లతోనే లోపలికొచ్చి, పొయ్యి దాకా నడిచి, సెల్‌ఫోనులో ఫోటోలు తీసుకుని పోయాడట. అవ్వ ఆ పొద్దునే ఇల్లు అలికింది. "మా అవ్వ ఒక్క మాట కూడా అనలేదు సార్. ఆయన పోయినాక మళ్ళీ పేడ కలుపుకొచ్చి అలికింది. అది చూసి నాకు ఏడుపొచ్చింది" అంది.

నేనప్పుడు చెప్పిన జవాబు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "తొందరలో ఉండుంటాడులేమ్మా, చిన్న విషయం" అన్నాను. పాప తల ఊపి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నా బూట్లు నాకే అడ్డం పడ్డాయి. బడి మానేసిన పిల్లల కోసం నేను ఎస్టీ కాలనీలు ఎన్ని తిరిగానో లెక్క లేదు. ఎన్ని కొట్టాల్లోకి తల వంచుకుని దూరానో! ఆ గడపలు దాటినప్పుడు బూట్లు విప్పానా? చాలాసార్లు విప్పలేదు. తాడు విప్పి మళ్ళీ కట్టుకోవడం ఎందుకనుకున్నాను. అదే తిరుపతిలో తోటి టీచరు ఇంటికి పోయినప్పుడు, ఎవరూ చెప్పకుండానే బయటనే విప్పేసి లోపలికి పోయాను. అక్కడ గచ్చు మెరుస్తా ఉంది. ఇక్కడ మట్టి నేల. మట్టి నేల మీద మట్టి పడితే ఏమవుతుందిలే అని నా లోపల ఎవరో లెక్క వేసి పెట్టారు. తోట కాపలాదారు కొడుకుని నేను. ఆ మట్టి నేల మీదే పెరిగాను. అయినా ఆ లెక్క నాలోకి ఎప్పుడొచ్చిందో నాకే తెలియలేదు.

కాబట్టి ఇంట్లో చెప్పులు విప్పాలా వద్దా అనే ప్రశ్నను మనం చిన్న విషయంగా వదలకూడదు. ముందు శుభ్రం సంగతి చూద్దాం.

మంచాలు, కుర్చీలు, భోజనానికి బల్ల ఉన్న ఇంట్లో నేల నడవడానికి మాత్రమే. మన కొట్టంలో నేల మీదే పడక. నేల మీదే వంట, నేల మీదే కంచం. పసిబిడ్డ పాకేదీ, పుస్తకం తెరిచి చదువుకునేదీ ఆ నేల మీదే. చెప్పులకు అంటుకొచ్చిన మురికి వల్ల నష్టం ఎవరికి ఎక్కువ? మెరిసే గచ్చు ఉన్నవాళ్ళకా, మట్టి నేల ఉన్నవాళ్ళకా? ఏలికపాముల గుడ్లు మట్టిలో నెలల తరబడి బతుకుతాయి. ఆ మట్టి మీద పాకిన బిడ్డ చేయి నోట్లో పెట్టుకుంటే కడుపులోకి పోతాయి. కొంకి పురుగుల దారి వేరు. బయలుకు పోయిన చోట తడి మట్టిలో అవి పుట్టి, వట్టి కాళ్ళ చర్మం గుండానే ఒంట్లోకి దూరతాయి. పేగులకు పట్టుకుని రక్తం పీలుస్తాయి. ఫిబ్రవరి 10న బడిలో మనం పిల్లలకు వేసే ఆల్బెండజోల్ మాత్ర ఈ పురుగుల కోసమే. అంటే బయట చెప్పులు వేసుకోవడం, లోపల విప్పడం రెండూ ఒకే పని. రక్తపింజర, కట్లపాము తిరిగే కయ్యల్లో, తుమ్మ కంపల్లో వట్టి కాళ్ళతో నడవమని ఎవరన్నా చెబితే వినొద్దు. బయట వేసుకోండి. గడప దగ్గర విప్పండి.

శుభ్రం ఒక్కటే అయితే గోనెపట్ట మీద కాళ్ళు తుడుచుకుంటే సరిపోవాలి. కానీ ఆ పాప ఏడ్చింది బురద కోసం కాదు. అవ్వ చేతి పని ఆయన కంటికి పనిగా కనబడలేదు, అందుకు. చెప్పులు విప్పడమంటే, ఇది నీ ఇల్లు, ఇక్కడ నీ మాట చెల్లుతుంది, నేను దానికి లోబడి లోపలికొస్తున్నాను అని నోరు తెరవకుండా చెప్పడం. ఆ మాట ఎవరికి చెబుతున్నాం, ఎవరికి చెప్పడం లేదు అన్నదే ఇందులో అసలు ప్రశ్న.

ఇక్కడ మన కుర్రవాళ్ళు ఒక మాట అడుగుతారు. "చెప్పులు విప్పించడం మన మీద రుద్దిన బానిసత్వమే కదా సార్? దాన్ని మర్యాద అంటారేంది?" అని. ఇది తోసేసే మాట కాదు. మా తాత ఊళ్ళోకి పోయేటప్పుడు మొదటి ఇల్లు కనబడగానే టైరు చెప్పులు విప్పి చంకలో పెట్టుకునేవాడు. ఊరు దాటినాక మళ్ళీ వేసుకునేవాడు. నడివేసవిలో కూడా అంతే. మా నాయన చిన్నప్పుడు ఎందుకని అడిగితే, "అట్లాగే పోవాలిరా" అన్నాడట. దళితులూ మన బోటి కులాలవాళ్ళూ ఈ దేశంలో ఎన్నో ఊళ్ళలో ఇట్లాగే నడిచారు.

దానికి జవాబుగానే ఇప్పుడు చట్టంలో ఒక మాట ఉంది. ప్రతి టీచరూ దాన్ని పిల్లలకు చెప్పాలి. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించారు. సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. బహిరంగ స్థలంలో చెప్పులు వేసుకోకుండా, కొత్త బట్టలు కట్టుకోకుండా, సైకిలో మోటారు సైకిలో ఎక్కకుండా ఎస్సీ, ఎస్టీలను అడ్డుకోవడం ఆ సవరణ ప్రకారం నేరం. మెడలో చెప్పుల దండ వేసి అవమానించడం కూడా నేరమే. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా జైలు, జరిమానా. పార్లమెంటు కూర్చుని చెప్పుల గురించి చట్టంలో రాయాల్సి వచ్చిందంటే, ఆ అవమానం ఎంత లోతుగా ఉండిందో ఆలోచించండి.

అయితే మా తాత విప్పింది వీధిలో. వీధి ఎవరి సొత్తూ కాదు. అక్కడ ఒకరు ఇంకొకర్ని చెప్పులు విప్పమనే హక్కు లేదు. ఇల్లు అట్లా కాదు. అది ఉన్నవాళ్ళది. వీధిలో విప్పించినవాళ్ళు మా తాత కొట్టానికి వస్తే తమ చెప్పులు విప్పారా? లేదు. అదీ తేడా. ఇద్దరూ ఒకరి గడప దగ్గర ఒకరు విప్పితే అది మర్యాద. ఒకరే విప్పి, రెండోవాళ్ళు ఎక్కడా విప్పకపోతే అది అణచివేత. చేసే పని ఒకటే అయినా అర్థం తలకిందులవుతుంది.

ఇది మన ఊరి గొడవ ఒక్కటే కాదు. తెలుగు కూలీలు వేలమంది ఓడలెక్కి పోయిన బర్మాలో ఇదే పెద్ద పోరాటమైంది. బౌద్ధ పగోడాల్లోకి అక్కడివాళ్ళందరూ వట్టి కాళ్ళతో పోతారు. తెల్లదొరలు మాత్రం బూట్లతోనే తిరిగేవాళ్ళు. 1919లో మండాలేలోని ఒక పగోడాలో బూట్లతో వచ్చిన దొరలను భిక్షువులు తరిమారు. ఆ భిక్షువులకు శిక్షలు పడ్డాయి. కానీ చివరికి, ఏ పగోడాలో ఏ నియమమో అక్కడి పెద్ద భిక్షువే చెప్పవచ్చునని ప్రభుత్వం ఒప్పుకోవాల్సి వచ్చింది. గడప ఎవరిదో నియమం వాళ్ళదే అని ఒక దొరతనం చేత ఒప్పించిన పోరాటం అది.

ఇక మన పక్కనే ఉన్న కథ చూద్దాం. శ్రీకాళహస్తిలో కన్నప్పను ఎరగని బిడ్డ లేడు. వేటగాడు తిన్నడు, అడవి బిడ్డ. దేవుడికి పెట్టాలని ఒక చేత మాంసం, ఒక చేత విల్లు, తలలో పూలు, నోట్లో నీళ్ళు పెట్టుకొచ్చాడు. రెండు చేతులూ ఖాళీ లేవు. లింగం మీద ఉన్న పాత పూలను చెప్పు కాలితోనే పక్కకు తోశాడు. తర్వాత లింగం కంట నెత్తురు కారితే తన కన్ను పెకలించి పెట్టాడు. రెండో కన్నూ పెట్టబోతూ, చోటు గుర్తు తెలిసేదానికి కాలు తీసి దేవుడి కంటి మీద ఆనించాడు. శంకరాచార్యుల పేరుతో ఉన్న శివానందలహరిలో కూడా ఒక శ్లోకం, దారిన తిరిగి అరిగిన ఆ చెప్పును గురించే ఆశ్చర్యపడుతుంది. ఈనాటికీ మహాశివరాత్రి బ్రహ్మోత్సవాల్లో మొదటి ధ్వజారోహణం కన్నప్ప కొండ మీదే జరుగుతుంది.

ఈ కథ చూపించి, "చూడండి, చెప్పులతో పోయినా తప్పు లేదు" అని అనవచ్చా? నాకట్లా తోచదు. తిన్నడు చెప్పులు వేసుకున్నది నిర్లక్ష్యంతో కాదు. ఎదుటివాడి బాధ తప్ప ఇంకేదీ అతని కంటికి కనబడలేదు. కొట్టంలోకి బూట్లతో వచ్చినాయనకు అవ్వ కనబడలేదు. కాబట్టి కాళ్ళకు ఏముందని మాత్రమే చూస్తే చాలదు. ఎదుటి మనిషి కనబడ్డాడా లేదా అని కూడా చూడాలి. అదే తిరుపతిలో అలిపిరి దగ్గర పాదాల మండపంలో భక్తులు స్వామి పాదుకలను నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణ చేస్తారు. చెప్పు నెత్తికి ఎక్కేదీ, మెడలో దండై అవమానం అయ్యేదీ చెప్పును బట్టి కాదు, మనసును బట్టే.

అందుకే ఈ నియమాన్ని మొండిగా పట్టుకోకూడదు కూడా. చక్కెర జబ్బు ముదిరి కాళ్ళు తిమ్మిరెక్కినవాళ్ళను ఇంట్లో కూడా చెప్పులతోనే ఉండమని డాక్టర్లు చెబుతారు. ముల్లు గుచ్చుకున్నా వాళ్ళకు తెలియదు, పుండు పడితే మానదు. అట్లాంటి పెద్దాయన గడప దగ్గర తడబడితే, లోపల వాడుకునేదానికి ఒక జత వేరుగా పెట్టండి. లేదా అట్లాగే రానివ్వండి. టీచర్లకు ఇంకో మాట. 2020లో విద్యా కానుకతో మన పిల్లలకు బూట్లు వచ్చాయి. చాలామందికి అవే మొదటి బూట్లు. ఆ బూట్లను బిడ్డ గడప బయట ఎందుకు పెట్టడు? పంచ లేదు, వానకు తడుస్తాయి, కుక్క ఎత్తుకుపోతుంది. అందుకే సంచిలో చుట్టి వాసానికి వేలాడదీస్తాడు. అది చూసి, ఇంట్లో బూట్లు పెట్టుకునే అలవాటేమిటని కోప్పడకండి. బయట పెట్టే చోటు లేకుండా బయట పెట్టమనే నియమం ఉన్నవాళ్ళ నియమం.

మళ్ళీ ఆ పాప ప్రశ్నకు వస్తాను. అడగొచ్చా? అడగొచ్చు. అది ఆమె హక్కు. కానీ అడగకపోతే అవ్వది తప్పా? ఇక్కడ నేను చాలా రోజులు ఆగిపోయాను. కొట్టం నిలబడి ఉన్న నేల తోట యజమానిది. అడ్వాన్సు తీసుకున్న బాకీ ఉంది. వెట్టి చాకిరీని 1976లో చట్టం రద్దు చేసింది. బాకీ భయం మాత్రం ఇంకా ఎందరినో తోటల్లోనే కట్టి ఉంచింది. "చెప్పులు విప్పి రండి సామీ" అని ఒక్క మాట అంటే నీడ పోతుందేమోనని భయపడే అవ్వకు, ధైర్యంగా అడుగమ్మా అని దూరం నుంచి ఉపదేశం చేయడం సులువు. అడిగే బరువు బలహీనుల మీద పెట్టకూడదు. విప్పే బాధ్యత వచ్చేవాళ్ళదే. వచ్చేవాడు ఎంత పెద్దవాడైతే బాధ్యత అంత పెద్దది. అధికారి, యజమాని, టీచరు, ఎవరైనా సరే. మనలో చదువుకుని ఉద్యోగం తెచ్చుకున్నవాళ్ళది ఇంకా పెద్దది, ఎందుకంటే మనకు ఆ నేల తెలుసు.

ఒక ఆదివారం ఆ తోటకు పోయాను. గడప ముందర కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుతుంటే అవ్వ బయటికొచ్చి, "ఏమైందిలే నాయనా, మనోడివే కదా, రా లోపలికి" అంది. "మనోణ్ణి కాబట్టే విప్పుతున్నానవ్వా" అన్నాను. అవ్వ నవ్వి చాప పరిచింది. నేల చల్లగా ఉంది. అరికాళ్ళకు ఆ చల్లదనం తగిలి ఎన్నేళ్ళయిందో.

చిన్న విషయమన్నది నా తప్పేనని పాపతో చెప్పాను. నీకు అడిగే హక్కు ఉంది, అవ్వను మాత్రం తప్పు పట్టొద్దు అని కూడా చెప్పాను. పాప కాసేపు ఊరుకుని, "మీరైతే అడక్కుండానే విప్పినారు సార్. తోటాయన విప్పుతాడా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఈ పుస్తకం చదివే టీచర్లు, యువకులు తమ వంతు జవాబు రేపు ఏదో ఒక గడప దగ్గర ఇస్తారని మాత్రం అనుకుంటున్నాను.