పేరడుగని యంత్రము

2023 జూన్‌లో న్యూయార్కు నగరమందలి బ్రూక్లిన్‌లో ఒక యంత్రమును నెలకొల్పిరి. తపాలా సంఖ్యను నొక్కినచో చాలును. పేరడుగక, వెల గొనక, నాలోక్సోన్ అను ఔషధమును ఇచ్చునట్లు దానిని ఏర్పరచిరి. నల్లమందు జాతి మత్తుమందు మితిమీరి శ్వాస ఆగిపోవుచున్నవాని ముక్కులో దీనిని చిమ్మినచో, కొలది నిమిషములలో ఊపిరి మరల రాగలదు. 2021లో ఆ దేశమున మాదకద్రవ్యములు మితిమీరి లక్షమందికి పైగా మరణించిరి.

ఇది దుర్వ్యసనమునకు దోహదము కాదా యని కొందరు ధార్మికులు శంకింతురు. శంక తేలికయైనది కాదు. అపాత్రదానము తామసమని గీత పదునేడవ అధ్యాయము చెప్పుచున్నది. అవజ్ఞతో నిచ్చు దానమును గూడ ఆ శ్లోకమే తామసములో చేర్చినది. (ఈ రెండవ భాగమును మనము తరచుగా మరచుచుందుము.) అయినను ఇచ్చట అపాత్రుడెవడు? స్పృహ తప్పినవాడు ఈ మందును తనకు తాను వేసికొనజాలడు. యంత్రము ముందు నిలిచినవాడు, తానును వ్యసనపరుడే కావచ్చును, తరచుగా మరియొకని ఊపిరికై చేయి చాచుచున్నాడు. వాడు గ్రహీత యగునా, దాత యగునా? ఇక పడియున్నవాని యోగ్యతను విచారింప వ్యవధి లేదు. పశ్చాత్తాపమునకైనను ప్రాణముండవలెను గదా!

ఈ మందు ప్రభావము 30 మొదలు 90 నిమిషములు మాత్రమే. పిమ్మట శ్వాస మరల మందగింపవచ్చును. కావున యంత్రమునకు సాధ్యముకాని పని యొకటి మిగులుచున్నది: వానిని ప్రక్కకు ఒత్తిగిలజేసి, వైద్యసహాయము వచ్చుదాక ఎవరో ఒకరు చెంతనే కూర్చుండుట.