పొరుగువాడు ఎవరు?

మా కోయ గూడేల్లో ‘పొరుగువాడు’ అనే మాటతో పెద్దగా పని పడదు. ఒకే గట్టు వాళ్ళయితే అన్నదమ్ములు. వేరే గట్టు వాళ్ళయితే మామ, బావ, వియ్యంకుడు. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అని లెక్క చెప్పుకుంటూ పోతే, దూరం నుంచి వచ్చిన మనిషి కూడా ఒక పూటలోనే ఏదో ఒక వరసలో పడతాడు. వరస తేలాక అతనికి మంచం వాల్చాలా, అంబలి పోయాలా, అతని ఇంట్లో చావు జరిగితే పాడె మోయాలా అన్న ప్రశ్నలు ఉండవు. దీనికి ప్రేమ అని ఎవరూ పేరు పెట్టలేదు. చుట్టరికం అన్నాం, అంతే.

అందుకే పొరుగువాణ్ణి నీలాగే ప్రేమించు అనే బైబిలు ఆజ్ఞ మన గూడెంలో చదివినప్పుడు కొంచెం వింతగా ఉంటుంది. పక్కింటివాడు మేనమామ కొడుకే కదా, వాణ్ణి ప్రేమించమని వేరే చెప్పాలా? సండే స్కూల్లో పిల్లలు అడిగే ప్రశ్న ఇది. పెద్దవాళ్ళు నవ్వి ఊరుకుంటారు. మాకు మాత్రం అక్కడే ఆగాలనిపించింది. చుట్టరికం ఇంత గట్టిగా ఉన్నచోట ఆ ఆజ్ఞ కొత్తగా అడిగేది ఏమిటి?

మాలో ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళున్నారు. వేల్పుల కొలుపుకు డోలు భుజాన వేసుకునేవాళ్ళూ ఉన్నారు. కలిసి కూర్చుని మాట్లాడుకున్నదే ఇక్కడ రాస్తున్నాం. ఎవరి నమ్మకం గొప్పదో తేల్చడం మా పని కాదు. ఒక ఊళ్ళో రెండు నమ్మకాలు ఉన్నప్పుడు మనుషులు ఎలా కలిసి బతకాలన్నదే మా బాధ.

ముందు సంఘంలో ఉన్న మంచిని చెప్పుకోవాలి. పిడికెడు బియ్యం సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఇంట్లో ఆడమనిషి వండే ముందు ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. ఆదివారం ఆ కుండ చర్చికి వస్తుంది. అలా పోగైన బియ్యంలో కొంత పాస్టరుగారి ఇంటికి, కొంత మొగుడు పోయిన ఆడమనిషికి, జ్వరంతో పడుకుని కూలికి పోలేని ఇంటికి చేరుతుంది. ఇచ్చేవాళ్ళ దగ్గర కూడా రేపటికి బియ్యం ఉండకపోవచ్చు. తునికాకు పని లేని రోజుల్లో, ఇప్ప పువ్వు అయిపోయాక, వానలు పడి పొలం ఇంకా చేతికి రాని నెలల్లో ఆ పిడికెడు ఎంత బరువో మన ఆడవాళ్ళకే తెలుసు. కోత పండుగనాడు కొత్త ధాన్యం, గుమ్మడికాయ, కోడి తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. ఇది చూసిన మా పెద్దవాళ్ళకు ఆశ్చర్యమేమీ కలగలేదు. కొత్తల పండుగ చేయకుండా కొత్త పంట నోట పెట్టని జాతి మనది. మొదటి పిడికెడు మనది కాదన్న ఎరుక రెండు చోట్లా ఉంది. ఈ పోలికను మన ఉపాధ్యాయులు తరగతిలో పిల్లలకు చెప్పాలని మా కోరిక. చర్చికి వెళ్ళే పిల్లవాడికి తాత చేసిన పండుగ మీద చిన్నచూపు ఉండదు, వెళ్ళని పిల్లవాడికి చర్చి పరాయిదనిపించదు.

అయితే ఈ మంచికి ఒక కంచె ఉంది. పిడికెడు బియ్యం ఎవరి ఇంటికి వెళ్తుంది? చాలాచోట్ల సభ్యుల ఇళ్ళకే. జ్వరం వచ్చిన ఇంటికి ప్రార్థనకు పదిమంది వెళ్తారు, ఆ పక్క ఇంట్లోనే జ్వరంతో ఉన్న పూజారి కూతురు దగ్గరకు వెళ్ళరు. దానికి దురుద్దేశం అవసరం లేదు. వాళ్ళు పిలవలేదు, మనం వెళ్ళలేదు అంటారు. అలా కొన్నేళ్ళు గడిస్తే చుట్టరికం ఉన్న రెండు ఇళ్ళ మధ్య పొరుగు పుడుతుంది. వెనక వరస తెగని చోట కొత్తగా గోడ లేస్తుంది.

లూకా సువార్త పదో అధ్యాయంలోని కథ ఇక్కడ మళ్ళీ చదవాలి. ధర్మశాస్త్రం తెలిసిన ఒకాయన నా పొరుగువాడు ఎవరు అని అడిగితే యేసు చెప్పిన కథ. యెరూషలేము నుంచి యెరికోకు దిగుతున్న మనిషిని దొంగలు కొట్టి వదిలేశారు. యాజకుడు చూసి పక్కగా పోయాడు. లేవీయుడూ అంతే. సమరయుడు మాత్రం ఆగి, గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టి, తన గాడిద మీద ఎక్కించి, పూటకూళ్ళ ఇంటికి తీసుకుపోయాడు. రెండు దేనారాలు ఇచ్చాడు. ఒక దేనారం అంటే ఆ రోజుల్లో ఒక రోజు కూలి.

ఈ కథను మన చర్చిల్లో ఎప్పుడూ సాయం చేయడం గురించే చెప్తారు. సమరయుడు ఎవరో చెప్పరు. సమరయులు యూదులకు అసలు పరాయి జాతి కాదు. తామూ యాకోబు సంతానమేనని చెప్పుకునేవాళ్ళు, మోషే ఐదు గ్రంథాలను వాళ్ళూ పవిత్రంగా చూసేవాళ్ళు. తేడా ఎక్కడంటే, యూదులు యెరూషలేములో ఆరాధించారు, సమరయులు గెరిజీము కొండ మీద. అంటే ఒకే మూలపురుషుణ్ణి చెప్పుకుంటూ, ఆరాధించే కొండ వేరైనందుకు పలకరింపులు మానేసిన దాయాదులు. మన గూడెం కథలాగే లేదూ? చర్చికి వెళ్ళే మన తమ్ముడు ఈ కథ వినేటప్పుడు తనను సమరయుడి స్థానంలో పెట్టుకుంటాడు. కథ వరస ప్రకారం చూస్తే ఆ స్థానం వేరే కొండను మొక్కేవాడిది, అంటే వేల్పును కొలిచే అతని పెదనాన్నది. దారిలో దెబ్బలు తిని పడి ఉన్నది తాను. పెదనాన్న చేతి నీళ్ళు తాగడానికి ఒప్పుకోవడం కూడా ఆ ఆజ్ఞలో భాగమే. ఇవ్వడం కంటే పుచ్చుకోవడమే ఒక్కోసారి కష్టం.

ఇక్కడ మన గురించి కూడా ఒక మాట. అందరూ సమానమే, మనలో కులం లేదు అని ఆదివాసులం గొప్పగా చెప్పుకుంటాం. ఏజెన్సీలో ఊరి చివర ఉండే దళిత కుటుంబాల చేతి నీళ్ళు మన పెద్దవాళ్ళు ముట్టేవాళ్ళు కాదన్నది మాత్రం అందరికీ తెలిసిన సంగతే. వరసలో పడనివాడంటే అక్కడ అర్థం అదే. సంఘం వచ్చాక కొన్నిచోట్ల కోయవాళ్ళూ వాళ్ళూ ఒకే చాప మీద కూర్చున్నారు, ఒకే గిన్నెలో ప్రభు భోజనం తీసుకున్నారు. చర్చి గడప దాటాక మళ్ళీ ఎవరి పేట వాళ్ళదైన చోట్లూ ఉన్నాయి. ఎంత దూరం వెళ్ళినా, చుట్టరికం ఇవ్వలేనిది ఆ చాప ఇచ్చిందని ఒప్పుకోవాలి. పిల్లలు అడిగిన ప్రశ్నకు మొదటి జవాబు మాకు అక్కడే దొరికింది. వరస ఆగిపోయిన చోట పొరుగు మొదలవుతుంది.

మన ప్రాంతంలో సంఘాల చరిత్ర కొత్తదేమీ కాదు. గోదావరి మీద పడవల రాకపోకల కోసం దుమ్ముగూడెం దగ్గర పనులు చేయించిన ఇంజనీరు హేగ్ చొరవతో 1860ల్లో కోయల మధ్య మిషను మొదలైంది. తర్వాత జాన్ కేన్ అనే పాదిరి చాలా ఏళ్ళు అక్కడ ఉండి, కోయల ఆచారాల గురించి ఆంగ్ల పత్రికల్లో రాశాడు. బడి వచ్చింది, మందు వచ్చింది. కాదనం. కానీ ఇచ్చే చేయి ఎప్పుడూ పైన, పుచ్చుకునే చేయి ఎప్పుడూ కింద ఉంటే అది పొరుగు అవుతుందా?

ఈ ప్రశ్నను మనకంటే ముందే ఒక మనిషి అడిగాడు. తమిళనాడు తిరునల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టిన అజరయ్య, మన అడవి పక్కనే ఉన్న డోర్నకల్‌కు వచ్చి, తెలుగు నేర్చుకుని పనిచేశాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యాడు. దానికి రెండేళ్ళ ముందు, 1910లో, ఎడింబరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. వందల మంది ప్రతినిధుల్లో ఆసియా వాళ్ళు చాలా కొద్దిమంది. ఆ సభలో అజరయ్య తెల్ల మిషనరీల ముఖం మీదే చెప్పాడు. మీరు ఎంతో ఇచ్చారు, త్యాగాలు చేశారు, మాకు మాత్రం స్నేహితులు కావాలి అన్నది ఆయన మాటల సారం. పెద్దవాళ్ళకు కోపం వచ్చింది. మాకైతే తెలుగు నేల మీద పనిచేసిన క్రైస్తవుల్లో ఇంత సూటిగా మాట్లాడినవాళ్ళు తక్కువనిపిస్తుంది. ఇప్పుడు ఆ మాటను తిప్పి మనమే అడుక్కోవాలి. మన సంఘాలు గూడెంలో మిగతావాళ్ళకు దుప్పట్లు పంచుతున్నాయా, వాళ్ళతో కూర్చుని తింటున్నాయా? తినడం దగ్గరే అసలు చిక్కు వస్తుంది.

భూమి పండుగకు ఊరంతా చందా వేసుకుంటుంది. నేను ఇవ్వొచ్చా, కోసిన కోడి మాంసం తినొచ్చా అని చర్చి యువకులు మమ్మల్ని అడుగుతుంటారు. కొందరు బోధకులు అది పాపమని ఒక్క మాటలో తేల్చేస్తారు. పౌలు అంత తేలిగ్గా తేల్చలేదు. కొరింథు సంఘానికి రాసిన మొదటి లేఖలో ఎనిమిదో అధ్యాయం నుంచి పదో అధ్యాయం దాకా ఈ గొడవే నడుస్తుంది. విగ్రహారాధనలో పాలు పంచుకోవద్దన్నాడు. నమ్మనివాడు భోజనానికి పిలిస్తే వడ్డించినది అడగకుండా తినమని కూడా అన్నాడు. ఇది బలి ఇచ్చిన మాంసమని ఎవరైనా చెబితే, ఆ చెప్పినవాడి మనస్సాక్షి కోసం మానమన్నాడు. ప్రతిచోటా ఆయన చూసింది ఎదుటి మనిషిని. పూజలో కూర్చోలేని తమ్ముడు ఆ మాట మర్యాదగా పటేలుతో చెప్పి, పందిరికి కర్రలు కొట్టుకొచ్చి, వచ్చిన చుట్టాలకు నీళ్ళు మోస్తే, అతను ఊరినీ విడిచిపెట్టలేదు, తన నమ్మకాన్నీ విడిచిపెట్టలేదు. మొక్కనని చెప్పడం ఒక మాట, తాతల వేల్పు దయ్యమని మైకులో అరవడం వేరే మాట. రెండోదానికి సువార్త ప్రకటన అని పేరు పెట్టడం మాకు నచ్చదు.

ఊరి వైపు నుంచి కూడా తప్పులు జరుగుతున్నాయి. చర్చికి వెళ్ళిన కుటుంబాన్ని బోరింగు దగ్గర నీళ్ళు పట్టుకోనివ్వకపోవడం, వాళ్ళ శవాన్ని ఊరి శ్మశానంలో పెట్టనివ్వకపోవడం ఏ కోయ ధర్మమూ కాదు. మతం మారితే ఎస్టీ హోదా పోతుందని బెదిరించేవాళ్ళున్నారు. షెడ్యూల్డ్ కులాలకు సంబంధించిన 1950 ఉత్తర్వులో మతం షరతు ఉంది. షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో అలాంటి షరతు లేదు. ఉపాధ్యాయులు ఈ ఒక్క తేడా పదో తరగతి పిల్లలకు స్పష్టంగా చెప్పినా చాలా భయం తగ్గుతుంది.

గోడ లేచిన ఊరికి నష్టం ఎలా వస్తుందో గ్రామసభలో కనిపిస్తుంది. 1996 పెసా చట్టం ప్రకారం ఓటరు జాబితాలో పేరున్న ప్రతివాళ్ళూ గ్రామసభే. అటవీ హక్కుల చట్టం కింద పోడు పట్టాల దరఖాస్తుల మీద తీర్మానం చేయాలంటే సభకు కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. సభ ఆదివారం పొద్దున పెడితే సంఘం రాదు. సంఘం వాళ్ళే ముందుండి సభ పిలిస్తే మిగతావాళ్ళు రారు. ఇక కోరం ఎక్కడిది? పట్టా ఆగిపోతే చర్చికి వెళ్ళేవాడి పొలం, వెళ్ళనివాడి పొలం అని అటవీ శాఖ వేరు చేసి చూడదు. పాస్టరుగారు, పటేలు కలిసి ఒక తేదీ అనుకుంటే తీరే పని ఇది.

గోదావరి మాత్రం ఎవరినీ వేరుగా చూడదు. 1986లో భద్రాచలం దగ్గర 75 అడుగులు దాటింది, 2022 జూలైలో 71 అడుగులు దాటింది. నీళ్ళు వచ్చినప్పుడు ఎత్తున ఉన్న గోడే అందరి ఇల్లు. నీళ్ళు తీశాక బియ్యం, టార్పాలిన్లు పంచేవాళ్ళ చేతిలో సభ్యుల జాబితా కనిపిస్తే, నాలుగు రోజులు ఒకే పొయ్యి మీద వండుకున్నవాళ్ళు మళ్ళీ రెండు వరుసల్లో నిలబడాల్సి వస్తుంది.

అన్నిటికంటే కష్టమైన పొరుగు మన గూడేలకు అవతల, అడవిలో ఉంది. 2005 తర్వాత బస్తర్‌లో సల్వాజుడుం కాలపు హింసకు ఊళ్ళు వదిలి వచ్చిన గుత్తికోయలు. వాళ్ళ మాట మన మాటకు దగ్గర. ఛత్తీస్‌గఢ్‌లో వాళ్ళు షెడ్యూల్డ్ తెగ, ఇక్కడ ఆ పత్రం పుట్టడం కష్టం. మన గూడేల్లో చాలామంది వాళ్ళను మెచ్చరు. కారణం లేకపోలేదు. అడవి తక్కువ, పోడుకు పోటీ ఎక్కువ. వాళ్ళు చెట్లు నరికితే కేసులు మన మీదికి వస్తాయన్న భయం నిజమైనదే. ఆ భయాన్ని ప్రసంగంతో కొట్టిపారేయలేం. వరస కలుపుదామంటే కలిసే మనుషులే, భూమి కోసం కలపడం లేదు.

సమరయుడు తన పొలం రాసివ్వలేదన్నది కూడా కథలో ఉన్న విషయమే. గాడిద మీద చోటు ఇచ్చాడు, రెండు రోజుల కూలి ఇచ్చాడు, తిరిగి వచ్చేటప్పుడు మిగతా లెక్క చూస్తానన్నాడు. మన చేతిలోనూ ఆపాటివి కొన్ని ఉన్నాయి. భూమి తగాదా గ్రామసభలో కూర్చుని తేల్చుకోవచ్చు. అది తేలేదాకా వాళ్ళ బిడ్డకు మలేరియా వస్తే ఆసుపత్రికి తీసుకుపోయే ఆటో ఆగనక్కర లేదు. సంఘం పిడికెడు బియ్యపు కుండ, ఊరి పండుగ వంట గిన్నె ఆ గుడిసెల దాకా వెళ్ళొచ్చు. బడిలో ఆ పిల్లలు తెలుగు రాక వెనక బెంచీలో మౌనంగా కూర్చుంటారు. టీచరు చెప్పినదాన్ని వాళ్ళకు కోయలో చెప్పగలిగే పిల్లలు ముందు బెంచీల్లోనే ఉన్నారు. జూన్‌లో బడి తెరిచినప్పుడు ఎవరిని ఎవరి పక్కన కూర్చోబెట్టాలన్నది ఉపాధ్యాయుల చేతిలో ఉంది.