తప్పు పట్టే వాక్యం

తెలుగులో ‘మిషన్’ అనే మాటకి చాలా అర్థాలున్నాయి. ఇంట్లో మిషన్ అంటే కుట్టు మిషన్. ఊళ్ళో మిషన్ ఆసుపత్రి అంటే ఒకప్పుడు క్రైస్తవ మిషనరీలు కట్టింది. తెలంగాణలో చెరువులకి మిషన్ కాకతీయ, మంచినీళ్ళకి మిషన్ భగీరథ. ఈమధ్య ఇంకొకటి వచ్చి చేరింది: పర్సనల్ మిషన్ స్టేట్‌మెంట్. నేనెందుకు బతుకుతున్నాను, ఎలా బతకాలనుకుంటున్నాను అన్నది రెండు మూడు వాక్యాల్లో రాసుకుని, రోజూ చూసుకుంటూ, దాని ప్రకారం నడుచుకోవడం. ఆఫీసు వర్క్‌షాపుల్లో రాయిస్తారు. కొత్త సంవత్సరం డైరీ మొదటి పేజీలో మనమే రాసుకుంటాం.

ఈ ఇంగ్లీషు మాట పుట్టింది లాటిన్‌లో ‘పంపడం’ అనే అర్థమున్న క్రియ నుంచి. మిషన్ మీద వెళ్ళేవాళ్ళని ఎవరో ఒకరు పంపాలి. తిరిగొచ్చాక వాళ్ళకి లెక్క చెప్పాలి. మరి ఈ పర్సనల్ మిషన్ మీద మనల్ని పంపిందెవరు? మనమే. లెక్క చెప్పాల్సింది ఎవరికి? మనకే. చిక్కంతా ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది.

ఈ అలవాటుని బాగా ప్రచారంలోకి తెచ్చిన పుస్తకం స్టీఫెన్ కవీ 1989లో రాసిన ‘ది సెవెన్ హ్యాబిట్స్ ఆఫ్ హైలీ ఎఫెక్టివ్ పీపుల్’. అందులో ఒక అభ్యాసం ఉంది. ఇప్పటికి మూడేళ్ళ తర్వాత మీ అంత్యక్రియలు జరుగుతున్నట్టు ఊహించుకోమంటాడు. నలుగురు మాట్లాడతారు: ఇంటి మనిషి, స్నేహితుడు, తోటి ఉద్యోగి, మీరు సేవ చేసిన చోటి నుంచి ఒకరు. వాళ్ళు మీ గురించి ఏం చెప్పాలని మీకుంది? ఆ జవాబులోంచి మీ మిషన్ స్టేట్‌మెంట్ పుడుతుందని ఆయన ఆలోచన.

ఇది తేలిగ్గా కొట్టిపారేసే అభ్యాసం కాదు. ఉద్యోగం, ఈఎంఐ, ట్రాఫిక్ మధ్య ఎవరైనా ఒక్క గంట కూర్చుని ఈ ప్రశ్న వేసుకుంటే మంచిదే. కానీ ఆ నలుగుర్నీ ఒకసారి చూడండి. వాళ్ళు పొగడడానికే వచ్చారు. పోయినవాళ్ళ గురించి చెడ్డగా మాట్లాడకూడదన్న మర్యాద ఏ దేశంలోనైనా ఉంటుంది. పైగా వాళ్ళు చెప్పబోయేది కూడా మనమే రాసిస్తున్నాం. అందుకే వాక్యాలు ఇలా వస్తాయి: “దయతో, నిజాయితీతో, ధైర్యంతో జీవిస్తూ నా చుట్టూ ఉన్నవాళ్ళకి స్ఫూర్తినిస్తాను.” చదవడానికి బాగుంది. కానీ ఒక్క ప్రశ్న. ఏ రోజు సాయంత్రం మీరు ఇంటికొచ్చి, “ఇవాళ నేను ఈ వాక్యాన్ని తప్పాను” అని ఖాయంగా అనగలరు? అలాంటి సాయంత్రం రాదు. ఆ వాక్యం అంత వదులుగా ఉంది. ఎంత లావైనా, ఎంత సన్నబడినా సరిపోయే చొక్కా అది.

కంపెనీల విషయంలో ఇది మనకి బాగా తెలుసు. అమెరికాలో ఎన్రాన్ అనే పెద్ద కంపెనీ గౌరవం, నిజాయితీ, సంభాషణ, శ్రేష్ఠత అని నాలుగు విలువలు ప్రకటించుకుంది. 2001 డిసెంబరులో, లెక్కల మోసాలు బయటపడ్డాక, దివాలా తీసింది. ఆ నాలుగు మాటల్లో ఏ ఒక్కటీ ఆ లెక్కలు రాస్తున్నవాళ్ళ చెయ్యి పట్టుకుని ఆపలేదు. కంపెనీల గోడల మీద ఇలాంటివి కనిపిస్తే మనం నవ్వుకుంటాం. అదే రకం వాక్యం మన డైరీలో ఉంటే నవ్వు రాదు.

నాకర్థమైనంతలో, దారి చూపించే వాక్యానికి ఉండాల్సిన మొదటి గుణం అది మనల్ని తప్పు పట్టగలగడం. తప్పు పట్టలేని వాక్యం దారి చూపించదు, వెంట నడుస్తుంది అంతే. మనమెటు వెళ్తే అటు.

బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కి ఈ సంగతి తెలుసు. 1726లో, ఇరవయ్యేళ్ళ వయసులో, లండన్ నుంచి ఫిలడెల్ఫియాకి ఓడలో తిరిగొస్తూ ఎలా బతకాలో ఒక ప్రణాళిక రాసుకున్నాడు. తర్వాత కొన్నేళ్ళకి దాన్ని ఇంకా ముందుకి తీసుకెళ్ళి ఒక చిన్న పుస్తకం తయారుచేశాడు. పేజీలో ఏడు నిలువు గళ్ళు, వారంలో ఏడు రోజులకి. పదమూడు అడ్డ వరసలు, మితం, మౌనం, క్రమం, న్యాయం, శుభ్రత ఇలా పదమూడు గుణాలకి. ఏ రోజు ఏది తప్పితే ఆ గడిలో ఒక నల్ల చుక్క. వారానికి ఒక గుణం మీద ప్రత్యేకంగా దృష్టి. పదమూడు వారాలకి ఒక చుట్టు, ఏడాదికి నాలుగు చుట్లు. తనలో అనుకున్నదానికంటే చాలా ఎక్కువ లోపాలు కనిపించాయని ఆత్మకథలో రాశాడు. కాగితాలు సర్దుకోవడం, సమయం పాటించడం లాంటి ‘క్రమం’ మాత్రం చివరిదాకా చేతకాలేదట.

ఇప్పటి హ్యాబిట్ ట్రాకర్ యాప్‌లన్నిటికీ తాతలాంటిది ఆ పుస్తకం. కానీ నాకు ముఖ్యంగా తోచేది వేరే సంగతి. ఆయన మొదట రాసుకున్నవి పన్నెండే. పదమూడోది, వినయం, ఆయనకి తట్టలేదు. క్వేకర్ మతస్థుడైన ఒక స్నేహితుడు, నిన్ను అందరూ గర్విష్ఠి అనుకుంటున్నారని చెప్పి, ఉదాహరణలతో సహా నిరూపిస్తే అప్పుడు చేర్చాడు. అంత నిక్కచ్చిగా తన్ను తాను తనిఖీ చేసుకునే మనిషికి కూడా ఆ ఒక్క లోపం లోపల్నుంచి కనపడలేదు. బయటి మనిషి చెప్పాల్సొచ్చింది.

ఆ పట్టిక చూడలేకపోయినది ఇంకా పెద్దది ఉంది. న్యాయం అని ఒక వరస ఉన్న ఆ మనిషి ఇంట్లో బానిసలుండేవాళ్ళు. ఆయన పత్రికలో బానిసల అమ్మకాల ప్రకటనలు అచ్చయ్యేవి. ఆత్మకథలో ఆ పట్టిక గురించి అంత వివరంగా చెప్పే చోట వాళ్ళ ఊసు లేదు. చివరి రోజుల్లో ఆయన మారాడు. 1787లో పెన్సిల్వేనియాలోని బానిసత్వ వ్యతిరేక సంఘానికి అధ్యక్షుడయ్యాడు. 1790లో, చనిపోవడానికి రెండు నెలల ముందు, బానిసత్వం మీద అమెరికన్ కాంగ్రెసుకి వెళ్ళిన విజ్ఞప్తి మీద ఆయన సంతకం ఉంది. కానీ దానికి దాదాపు ఒక జీవితకాలం పట్టింది. ‘న్యాయం’ అనే మాట పక్కన, ఎవరికి అన్న ప్రశ్న లేకపోతే ఇలాగే జరుగుతుంది.

దీన్ని రెండు వందల ఏళ్ళ కిందటి సంగతిగా వదిలెయ్యలేం. మన నగరాల్లో చాలా అపార్ట్‌మెంట్లలో పనివాళ్ళకీ డెలివరీ అబ్బాయిలకీ వేరే లిఫ్టు ఉంటుంది. “ప్రతి మనిషితోనూ దయగా ఉంటాను” అని రాసుకున్న మనిషి రోజూ ఆ రెండో లిఫ్టు పక్కనుంచే నడిచి మొదటి లిఫ్టు ఎక్కొచ్చు. ఆ వాక్యం గొణగను కూడా గొణగదు. పనమ్మాయి ఒంట్లో బాగాలేక మూడు రోజులు రాకపోతే జీతం కోసినప్పుడూ గొణగదు. ఎందుకంటే ఆ వాక్యం రాస్తున్నప్పుడు ఆమె అక్కడ లేదు. అంత్యక్రియల్లో మాట్లాడే నలుగురిలోనూ ఆమె లేదు.

ఇప్పుడు ఇంకో రకం వాక్యం చూద్దాం. 1888లో మోహన్‌దాస్ గాంధీ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాడు లా చదవడానికి ఇంగ్లండు బయల్దేరాడు. తల్లికి భయం. ఒక జైన సాధువు సమక్షంలో ఆమెకి మాటిచ్చాడు: మద్యం, పరస్త్రీ, మాంసం ముట్టనని. ఇందులో స్ఫూర్తి లేదు, ఆశయం లేదు, ఒక్క విశేషణం లేదు. మూడు ‘కాదు’లు, వినే మనిషి ఒకరు. అంతే.

లండన్‌లో ఆకలితో మాడాడు. చదువులేని తల్లికి, ఇక్కడి పరిస్థితులు తెలియకుండా ఇచ్చిన మాటకి విలువేమిటని ఒక స్నేహితుడు వాదించాడు. దానికి గాంధీ దగ్గర గొప్ప జవాబేమీ లేదు. తమాషా ఏమిటంటే, అప్పటికి ఆయనకి శాకాహారం మీద నమ్మకం కూడా లేదు. భారతీయులంతా మాంసం తినాలనే అనుకునేవాడు. ఫారింగ్డన్ స్ట్రీట్‌లో ఒక శాకాహార హోటలు దొరికి, అక్కడ కొన్న హెన్రీ సాల్ట్ పుస్తకం చదివాకే నమ్మకం కుదిరింది. అంటే నమ్మకం కంటే ముందు మాట నిలబడింది.

ఆ తర్వాత గుడ్ల ప్రశ్న వచ్చింది. గుడ్డు మాంసం కాదని వాదించేవాళ్ళున్నారు. ఆ వాదనకి లొంగి కొద్దిరోజులు తిన్నాడు కూడా. కానీ మాంసమంటే ఏమిటో తేల్చాల్సింది తను కాదని త్వరలోనే తెలుసుకున్నాడు. మాట తీసుకున్నది అమ్మ. అమ్మ లెక్కలో గుడ్డు కూడా మాంసమే. మానేశాడు. దీన్నుంచి ఆయన ఒక సూత్రం తీశాడు: ప్రమాణానికి అర్థం చెప్పే హక్కు దాన్ని చేయించుకున్న మనిషిది. రెండు అర్థాలు వస్తుంటే, బలహీనమైన పక్షం చెప్పేదే చెల్లాలి.

ఈ సూత్రాన్ని మన మిషన్ స్టేట్‌మెంట్ల పక్కన పెట్టి చూడండి. “మంచి తండ్రిగా ఉంటాను” అని రాసుకుంటే, ‘మంచి’కి అర్థం ఎవరు చెప్పాలి? ఆరేళ్ళ కూతురు. “టీమ్‌ని గౌరవిస్తాను” అంటే గౌరవమేమిటో కొత్తగా చేరిన ఫ్రెషర్ చెప్పాలి. మన భాషలో ఈ వివేకం ముందే ఉంది. మాట రాసుకుంటాం అనం, ఇస్తాం అంటాం. నిలబెట్టుకుంటాం, తప్పుతాం అంటాం. ఇచ్చాం అంటే పుచ్చుకున్నవాళ్ళు ఒకరున్నారు. తప్పాం అంటే అడగడానికి ఒకరున్నారు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది చిన్నదేం కాదు. మనలో చాలామందికి పుట్టినప్పటి నుంచీ మిషన్ స్టేట్‌మెంట్లు ఇతరులే రాశారు. ఆరో తరగతిలో ఐఐటీ ఫౌండేషన్, తర్వాత ఇంటర్ హాస్టలు, తర్వాత అమెరికా, తర్వాత సంబంధం. పాతికేళ్ళకి మొదటిసారి “నాకేం కావాలి” అని ఒక కాగితం మీద రాసుకునే అమ్మాయికి, “అది నువ్వొక్కదానివే రాసుకోకమ్మా” అని చెప్తే ఎలా ఉంటుంది? మళ్ళీ నలుగురేమనుకుంటారో అన్న పాత గదిలోకి తోసినట్టుండదూ?

ఉంటుంది. అందుకే రెండిటినీ విడదీసి చూడాలి. నేనెటు వెళ్ళాలో తేల్చే హక్కు వేరు. నేను వెళ్తున్నప్పుడు నా కాలు ఎవరి మీద పడిందో చెప్పే హక్కు వేరు. మొదటిది ఆ అమ్మాయిదే. అమ్మానాన్నలది కాదు, చుట్టాలది అసలే కాదు. రెండోది మాత్రం తొక్కించుకున్నవాళ్ళది. మన ఇళ్ళలో ఈ రెండూ తారుమారయ్యాయి. పిల్లల గమ్యాలు పెద్దవాళ్ళు తేలుస్తారు. తమ కాలి కింద ఎవరున్నారో చెప్పబోతే మాత్రం ఎదురు మాట్లాడకంటారు.

గొప్ప ఆశయాలున్న ఇళ్ళలో ఇది ఇంకా ఎక్కువ. గాంధీ జీవితంలోనే సాక్ష్యం ఉంది. 1898లో డర్బన్‌లో, ఇంట్లో ఉండే ఒక గుమస్తా మూత్రపాత్ర శుభ్రం చెయ్యడం కస్తూర్బాకి ఇష్టం లేకపోయింది. అతని తల్లిదండ్రులు అంటరానివాళ్ళుగా ఎంచబడ్డ కులంవాళ్ళు. సమానత్వమనే ఆశయం గాంధీది. కులం విషయంలో న్యాయం ఆయన పక్షానే ఉంది. కానీ ఆయన ఆ పని ఆమె చెయ్యాలనడంతో ఆగలేదు, నవ్వుతూ చెయ్యాలన్నాడు. ఏడుస్తున్న భార్యని చెయ్యి పట్టుకుని గేటు దాకా ఈడ్చుకెళ్ళాడు. ఇదంతా ఆయనే రాశాడు కాబట్టి మనకి తెలుసు. ఆశయం సరైనదే అయినా, ఆ రోజు దానికి వెల చెల్లించింది కస్తూర్బా. వెల ఎవరు చెల్లిస్తున్నారో అడగని మిషన్ స్టేట్‌మెంట్ ఎంత పవిత్రమైనదైనా అనుమానించాల్సిందే. సాహిత్యానికో ఉద్యమానికో స్టార్టప్‌కో జీవితం అంకితం చేశామని చెప్పుకునేవాళ్ళ ఇళ్ళలో గిన్నెలు ఎవరు కడుగుతున్నారన్నది అప్రస్తుతం కాదు.

అయితే అసలు రాసుకోవడం ఎందుకు, మానేస్తే పోలా? మానేసినా మనకో మిషన్ స్టేట్‌మెంట్ ఉంటుంది. ఫోన్‌పే హిస్టరీలో, స్క్రీన్‌టైమ్‌లో, ఎవరి ఫోన్ వస్తే ఎత్తుతాం, ఎవరిదైతే తర్వాత చూద్దాంలే అనుకుంటాం అన్నదాంట్లో అది రోజూ రాయబడుతూనే ఉంది. చేత్తో ఒకటి రాసుకోవడం దానికి పోటీగా ఇంకో వాక్యం నిలబెట్టడమే.

రాస్తే మాత్రం చిన్నదిగా రాయండి. విశేషణాలు తీసేసి చూడండి, ఏమైనా మిగిలిందా? “నిజాయితీగా ఉంటాను” బదులు “నా కింద పనిచేసేవాళ్ళ పని నా పేరు మీద చూపించను.” “కుటుంబానికి ప్రాధాన్యం” బదులు “రాత్రి భోజనం దగ్గర ఫోను తియ్యను.” “దయ” బదులు “ఒంట్లో బాగాలేని రోజుకి జీతం కొయ్యను.” ఇవి గోడ మీద రాసుకునేంత అందంగా ఉండవు. కానీ ఏ మంగళవారమో వీటిని తప్పినప్పుడు, తప్పామని తెలుస్తుంది.

రాశాక ఒక పని మిగిలుంటుంది. ఆ కాగితం ఎవరికైనా చూపించాలి. మనల్ని మెచ్చుకునేవాళ్ళకి కాదు, ఫ్రాంక్లిన్ స్నేహితుడిలాంటివాళ్ళకి. వీలైతే ఆ వాక్యం వల్ల బాగుపడేదో నష్టపోయేదో ఎవరో వాళ్ళకే. వాళ్ళు చదివి, ఇందులో ఒకటి తక్కువైంది అనొచ్చు. ఆ తక్కువైనదాన్ని వాళ్ళ మాటల్లోనే రాసుకోండి. మన మాటల్లోకి మార్చేసరికి అది మళ్ళీ వదులైపోతుంది.