ఎవరూ అడగని పని

నా పనులు మూడు ఊళ్లలో ఉంటాయి. ఉద్యోగం బాపట్ల కాలేజీలో. ఇల్లు, పిల్లలు, అత్తగారు తెనాలిలో. అమ్మ, ఆమె పేరున ఉన్న కాస్త మాగాణి రేపల్లె పక్క పల్లెలో. బాపట్ల వెళ్లాలంటే నిడుబ్రోలు మీదుగా చెన్నై లైను, రేపల్లె వెళ్లాలంటే వేమూరు, భట్టిప్రోలు మీదుగా పోయే బ్రాంచి లైను. రెండూ తెనాలి స్టేషన్‌లోనే విడిపోతాయి. ఒక ఊరి పని ఇంకో ఊళ్లో గుర్తుకొస్తే చేయగలిగింది ఏమీ ఉండదు. క్లాసు మధ్యలో అమ్మ బీపీ మాత్రలు అయిపోవచ్చాయని తోస్తుంది. రేపల్లెలో బండి దిగాక పాసుపుస్తకం జిరాక్సు తెనాలి బీరువాలోనే ఉండిపోయిందని తెలుస్తుంది. ఒళ్లు వంచి పనిచేసిన రోజు కంటే ఇలా ఒకదాని వెనక ఒకటి గుర్తుకొచ్చిన రోజే సాయంత్రానికి ఎక్కువ డస్సిపోయేదాన్ని.

డేవిడ్ ఆలెన్ 2001లో రాసిన ‘గెటింగ్ థింగ్స్ డన్’ ఆ రోజుల్లో చదివాను. బుర్రలో ఏదీ మోయొద్దు, తోచిన ప్రతిదీ ఒకచోట రాసేయమంటాడు. రాసిన ప్రతిదానికీ ముందుగా వేయాల్సిన అడుగు ఏమిటో తేల్చుకోవాలి. ‘పొలం సంగతి’ అని రాస్తే చాలదు, ‘మీ-సేవలో అడంగల్ కాపీ తీసుకోవాలి’ అని రాయాలి. ఆ అడుగులను అవి ఎక్కడ వీలవుతాయో ఆ చోటును బట్టి సర్దుకోవాలి. రెండు నిమిషాల్లో తెమిలేదైతే రాయకుండా అప్పుడే చేసేయాలి. వారానికోసారి కూర్చుని మొత్తం తిరగేయాలి. పద్ధతంతా దాదాపు ఇంతే.

దీన్ని నేను అబ్సిడియన్‌లో పెట్టుకున్నాను. 2020లో జనంలోకి వచ్చిన ఈ సాఫ్ట్‌వేర్ మన రాతల్ని మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా మన ఫోన్‌లోనే, కంప్యూటర్‌లోనే దాస్తుంది. రైల్లో సిగ్నల్ పోయినా పేజీ తెరుచుకుంటుంది. ఒక పేజీలోంచి ఇంకో పేజీకి లింకు ఇవ్వొచ్చు. నాకు ఊరికో పేజీ ఉంది. ముగింపు ఉన్న ప్రతి పనికీ ఒక పేజీ ఉంది. తెలుగులో రాసుకునేవాళ్లకు ఒక మాట చెప్పాలి: ‘పొలం’ అని వెతికితే ‘పొలానికి’, ‘పొలాన్ని’ దొరకవు. అందుకని వెతుకులాట మీద ఆధారపడకుండా, మార్చని పేరుతో ఒక పేజీ పెట్టి, సంబంధించిన ప్రతి రాతనూ దానికి లింకు చేస్తాను.

ఫోన్, లాప్‌టాప్ ఎక్కడికైనా వస్తున్నాయి కాబట్టి చోటును బట్టి జాబితాలు పెట్టుకోవడం పాతబడిందని ఈ పద్ధతి పాటించేవాళ్లలో చాలామంది అంటారు. నా అనుభవం అది కాదు. ఈ-క్రాప్‌లో పంట నమోదు చేశాక అమ్మ వేలిముద్ర అమ్మే వేయాలి. బోదె తెగిందో లేదో గట్టు మీద నిలబడితేనే తెలుస్తుంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్లింది, తెనాలి గుంటూరులో ఉండిపోయింది. అంతకుముందు అమ్మ పొలం కాగితం ఏదైనా కలెక్టరేట్ దాకా పోతే గుంటూరు వెళ్లేవాళ్లం. ఇప్పుడు ఆ పని బాపట్ల పేజీలోకి మారింది, కాలేజీ అయ్యాక వెళ్లి చూసుకోగలుగుతున్నాను. డెల్టాలో పనికి ఊరు ఉంటుంది, ఆ ఊరు తెలిస్తే సగం దిగులు తీరుతుంది.

పద్ధతి మీద నాకు పూర్తి నమ్మకం కుదిరింది 2023 డిసెంబరులో. మిచౌంగ్ తుపాను 5వ తేదీన బాపట్ల దగ్గరే తీరం దాటింది. వరి కోతల కాలం. మా కౌలురైతు వేసింది సాంబ మసూరి, బాపట్ల వరి పరిశోధనా కేంద్రం 1986లో ఇచ్చిన బీపీటీ 5204. హెచ్చరిక రాగానే రేపల్లె పేజీ తెరిచి కూర్చున్నాను. కోత మిషను వాళ్ల నంబరు, టార్పాలిన్ పట్టాలు అద్దెకిచ్చే చోటు, గోతాలు ఎన్ని ఉన్నాయో, అమ్మ మందులు ఎన్ని రోజులకు ఉన్నాయో, ఎవరింటికి మేడ ఉందో, అన్నీ ఒక్కచోట ఉన్నాయి. తెనాలిలో కూర్చుని ఫోన్ మీద ఒక్కొక్కటీ మాట్లాడగలిగాను. చేను పడిపోయింది, నీళ్లు నిలిచాయి, దాన్ని ఏ జాబితా ఆపలేదు. కానీ నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు అడిగిన ప్రతి కాగితమూ ఫొటోతో సహా చేతిలో ఉంది. ఆ కౌలురైతు ముఖంలో ఆ పూట కనిపించిన ఊరట నాకు ఇప్పటికీ విలువైనదే.

ఆ తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం వారాంతపు తిరగేతలో మూడు ఊళ్ల పేజీలూ వరసగా చదివాను. బాపట్ల పేజీలో ఇంటర్నల్ మార్కులు, న్యాక్ కాగితాలు, పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు. రేపల్లె పేజీలో కౌలు, మినుము విత్తనం, అమ్మ కళ్లద్దాలు. తెనాలి పేజీలో స్కూలు ఫీజు, గ్యాసు, అత్తగారి షుగర్ పరీక్ష. ప్రతిదాని వెనకా ఒక మనిషి ఉన్నారు. నేను మరిచిపోతే అడుగుతారు. మనిషి అడగకపోతే ఋతువు అడుగుతుంది: వరి కోయడానికి కొద్ది రోజుల ముందు, చేలో తడి ఉండగానే మినుము చల్లకపోతే ఆ అదును మళ్లీ రాదు.

నాలుగో పేజీ ఒకటుంది. ఆలెన్ పద్ధతిలో ఇప్పుడు కాదు, ఎప్పుడైనా చేద్దామనుకున్నవి వేసే పేజీ. నేను దానికి ‘తీరినప్పుడు’ అని పేరు పెట్టుకున్నాను. అందులో మొదటి వరుస: అమ్మ దగ్గర వరిపని మాటలు రాసుకోవాలి. ప్రతి వారం ఆ వరుస చదివేదాన్ని, ముందుకు పోయేదాన్ని. అది ఎప్పుడు రాశానో ఫైలు తేదీ చెబుతూనే ఉంది.

ఎందుకు చేయలేదని ఆ రోజు నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. తీరిక లేదన్నది జవాబు కాదు. అదే కాలంలో ఎవరో అడిగారని వాళ్ల పిల్లాడి ప్రాజెక్టు రిపోర్టు దిద్దిపెట్టాను, మీటింగు మినిట్స్ రాత్రి కూర్చుని రాశాను. చిన్నప్పటి నుంచి మా ఇంట్లో నాకు దక్కిన మెచ్చుకోలు ఒకటే: “మా అమ్మాయికి చెప్పాల్సిన పని లేదు, అడక్కముందే చేసేస్తుంది.” ఆ మాట నాకు ఇష్టం. దాన్ని నిలబెట్టుకోవడం కోసమే ఇన్నేళ్లూ మేలుకున్నాను. ఫలితంగా ఒకరికి కావలసిన పనే నాకు పనిగా కనిపిస్తుంది. ఎవరికీ అక్కర్లేకుండా నాకు మాత్రమే కావలసింది కనిపిస్తే, ఇంట్లో ఇంత పని పెట్టుకుని ఇదేమిటని నాకే సంకోచం. ఈ సంకోచం నాతోటి ఆడవాళ్లలో చాలామందిలో చూశాను. ఉద్యోగం, జీతం, సొంత ఫోన్, అందులో చక్కటి జాబితా, ఇవేవీ దాన్ని వాటంతట అవే తీసేయవు.

ఇంకొకటి కూడా ఉంది. తెమలని పని మనసును పీకుతూనే ఉంటుందని మనస్తత్వ శాస్త్రంలో పాత మాట. 2011లో మసికాంపో, బౌమైస్టర్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రయోగాలు చేసి, పని పూర్తి కాకపోయినా ఎప్పుడు ఎలా చేస్తామో ఖచ్చితంగా అనుకుంటే చాలు, ఆ పీకుడు తగ్గుతుందని చూపించారు. ఆలెన్ పద్ధతికి బలం ఇదే. నా విషయంలో దాని రెండో వైపు కూడా కనిపించింది. ‘తీరినప్పుడు’ పేజీలో రాసిపెట్టగానే నా మనసు కుదుటపడింది, ఆ కుదురులోనే పని ఆగిపోయింది. బుర్రలోనే ఉండి పీకి ఉంటే ఎప్పుడో ఒకనాడు అమ్మ పక్కన కూర్చునేదాన్నేమో.

లోపలి కారణం చెప్పడం కష్టం, అయినా చెబుతాను. అమ్మ మాటలు రాసుకోవడం మొదలుపెడితే, అవి చెప్పేందుకు అమ్మ ఎల్లకాలం ఉండదని ఒప్పుకున్నట్టే. మాత్రలు తెచ్చినంత కాలం ఆ సంగతి ఎదురు రాదు.

ఆ సాయంత్రమే ఆ వరుసను రేపల్లె పేజీలోకి తెచ్చాను. ‘వరిపని మాటలు’ అని వదిలేయకుండా, ‘శనివారం రాత్రి అన్నాలయ్యాక కుప్పనూర్పు గురించి అమ్మను అడగాలి’ అని రాశాను. అడిగాను.

“ఇప్పుడు ఇవన్నీ ఎందుకే నీకు? మిషను వచ్చి గంటలో కోసి పోసి వెళుతోందిగా,” అంది.

“నాకు కావాలమ్మా,” అన్నాను. ఆ మాట అనడానికి నాకు కొంచెం ధైర్యం కావలసి వచ్చింది.

అంతే, ఇక ఆగలేదు. కోసిన పనలు ఎన్నాళ్లు ఆరాలి, కుప్ప ఎలా వేస్తే వాన నీళ్లు లోపలికి దిగవు, కల్లం అలికాక ఎడ్లను బంతి కట్టి ఎలా తొక్కించేవాళ్లు, తూర్పారపట్టేటప్పుడు గాలి పడిపోతే ఏం చేసేవాళ్లు, తాలు ఎటు, గట్టిగింజ ఎటు. పరిగె ఏరడం దగ్గరికి వచ్చేసరికి అమ్మ గొంతే మారిపోయింది. కోత అయిన చేలో రాలిన కంకులు ఏరుకుని, ఆ గింజలు కొలిచి ఇచ్చి పిల్లలు చెరుకుగడలు తెచ్చుకునేవాళ్లట. అమ్మకు సొంతంగా చేతికొచ్చిన మొదటి సంపాదన అదేనని నాకు అప్పటిదాకా తెలియదు.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ‘మాండలిక వృత్తి పదకోశం’ వ్యవసాయ సంపుటం 1962లో వెలువడింది. ఊరూరా రైతుల నోటి మాటలు సేకరించి కూర్చిన ఆ పని ఎంత గొప్పదో అమ్మ ముందు కూర్చున్నాకే నాకు తెలిసింది. ఒక్క మాట వెనక ఎంత పనితనం ఉందో అప్పుడే చూశాను. ఆ కోశం వచ్చిన తర్వాత డెల్టా చాలా మారింది. కాలువ నీళ్లు ఆలస్యమైన ఏడు వెద చల్లుతున్నారు, నారుమడి, ఊడ్పులు రెండూ ఉండవు. కోత మిషను వచ్చిన చేలో పన ఉండదు, కుప్ప ఉండదు, పరిగె ఉండదు. పని పోయిన చోట మాట మిగలదు.

ఇప్పుడు వారాంతపు తిరగేతలో ఆలెన్ చెప్పిన ప్రశ్నలకు చివరన నాది ఒకటి కలిపాను: ఈ వారం ఎవరూ అడగని పని ఏది చేశాను? కొన్ని వారాలు జవాబు ఖాళీగానే ఉంటుంది. ఆ ఖాళీని చెరపకుండా అలాగే ఉంచుతున్నాను. జాబితా పద్ధతిని నేను వదల్లేదు, వదలను. మన మీద పడేవాటిని అది చక్కగా పట్టుకుంటుంది. మన మీద పడనివాటిని మనమే వెళ్లి తెచ్చి అందులో పెట్టాలి, పక్కన రోజు, చోటు రాయాలి.

ఎడ్లతో నూర్చిన తరం తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల ఊళ్లలో ఇంకా ఉంది. మీ ఇంట్లో అలాంటి పెద్దవాళ్లు ఉంటే ఈ సంక్రాంతికి వెళ్లినప్పుడు ఒక రాత్రి వాళ్ల దగ్గర కూర్చోండి. చెప్పింది చెప్పినట్టే, ఊరి పేరూ తేదీ వేసి రాసుకోండి.