క్షురధార



సంగారెడ్డి న్యాయస్థానమునకుఁ బోవు త్రోవలో నొక వృద్ధ క్షురకుఁడు గలఁడు. నేఁడు పటాన్‌చెరు కర్మాగారముల పనివారు క్షౌరము చేయించుకొను అంగళ్లలో, ఒకసారి వాడి పాఱవైచు సగపు బ్లేడే కానవచ్చును. రక్తముచే వ్యాపించు రోగముల భయముచే నది యుక్తమే. ఈ వృద్ధుఁడు మాత్రము తండ్రినాఁటి మడతకత్తిని తన సొంత గడ్డమునకై పొదిలో దాఁచుకొనెను.

ఒక యుదయమున నాతఁడు దానిని తోలుపట్టీపై, వెన్ను ముందుగాను అంచు వెనుకగాను లాగుచుండెను. అంచు ముందుగా నడపినచో తోలును తెగును, అంచును చెడును. ఱాతిపై నూరుట యిందుకు విపరీతము. మెఱయుచున్న కత్తికి నింత శ్రమ యేల యని యడిగితిమి. ఆతఁడు తల వెండ్రుక నొకటి పెఱికి, ఒక కొన పట్టుకొని, రెండవ కొనను అంచుపై వ్రాలనిచ్చెను. వెండ్రుక వంగినది గాని తెగలేదు.

"మెరుపు పక్కలది సారూ, పదును అంచుది" అనెను.

ఆ కత్తి నెవరును ఱాతిపైఁ గొట్టలేదు. నిన్న చేసిన తగిన పనియే దాని నట్లు చేసినది. గడ్డమును గోయునపుడు కంటికిఁ గానరాని సన్నపు టంచు ప్రక్కకు వ్రాలును. తడి నిలిచినచో త్రుప్పు పట్టును. తోలు దానిని మరల నిలువఁ దీర్చును. దినదినము తోలుపై లాగువానికి ఱాతి పని యరుదు. తోలు మఱచినవాఁడు మాటిమాటికి నూఱి, యుక్కునే పోఁగొట్టుకొనును.

మన యంతఃకరణము మహాపాతకముచేతనే మొక్కపోవు ననుకొందుము. మా వృత్తిలో మే మెఱిఁగినంతవఱకు నది నిత్యవ్యవహారముచేతనే మొక్కపోవును. కక్షిదారుని యసత్యము మొదటి యేఁట మనస్సున గుచ్చుకొనును. పదియవ యేఁట గుచ్చుకొనదు. వాదము మాత్రము మెఱయుచునే యుండును.

బాలవితంతువుల శిరోముండనమును సమర్థించిన పండితుల తర్కమును నట్లే మెఱసినది. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున ప్రథమ వితంతువివాహమును జరిపించి, వీరేశలింగము పంతులుగారు ఆ తర్కము నంతను ఒక బాలిక బ్రదుకుపైఁ బరీక్షించిరి. ముండనపుఁ బాపమును పొదివానిపై నెట్టి మనము తప్పించుకొనరాదు. కత్తిని పిలిపించినవి మన యిండ్లే.

నిరాకారుఁడగు పరమేశ్వరుని సన్నిధానమే మనకు తోలుపట్టీ. అందులకుఁ బురోహితుఁ డక్కఱలేదు. సాయంకాలోపాసనలో, ఆ దినమున మనకు లాభము గూర్చిన యొక మాటను దీసికొని, దానివలన నష్టపడినవానిని దలఁచి చూడవలెను.

గతవారము మే మట్లు చూచుకొంటిమి. చేయి పోఁగొట్టుకొనిన యొక కర్మాగారపుఁ గూలివాని పరిహారపు వ్యాజ్యములో, ప్రతివాది పక్షమున వాయిదా తెచ్చుకొన్న సంగతి జ్ఞప్తికి వచ్చెను. కారణము చట్టసమ్మతమే. వెండ్రుక మాత్రము తెగలేదు. మఱునాఁడు కక్షిదారుని నొప్పించి, విచారణను ముందునకు జరుపుఁడని న్యాయస్థానమును వేఁడుకొంటిమి.