బిట్ ప్రశ్న దగ్గర ఆగిన రాత్రి

మా అమ్మాయి గ్రూప్స్‌కి చదువుతోంది. మొన్న రాత్రి పాలిటీ బిట్లు అడుగుతూ "రాజ్యాంగ సభ సలహాదారు ఎవరు?" అన్నాను. "బి.ఎన్. రావు" అని ఠక్కున చెప్పి, "ఆయన మనవాడేనా నాన్నా?" అంది. కాదమ్మా, మంగళూరువాడు, బెనెగల్ నర్సింగ్ రావు, 1887లో పుట్టాడు అన్నాను. తను తరవాతి బిట్‌కి వెళ్లిపోయింది. నేను వెళ్లలేకపోయాను.

ఆయన రాజ్యాంగ సభలో సభ్యుడు కాదు. అందుకే 1950 జనవరి 24న సభ్యులు సంతకాలు పెట్టిన ప్రతిలో ఆయన సంతకం ఉండదు. కానీ డ్రాఫ్టింగ్ కమిటీ ముందు పెట్టుకున్న తొలి ముసాయిదా ఆయన రాసిందే. 1949 నవంబరు 25న అంబేడ్కర్ నిండు సభలో ఆ సంగతి చెప్పి, తనకిస్తున్న ఘనతలో కొంత రావుకు చెందాలన్నారు. ఇంత పని చేసిన మనిషి మనకు ఒక మార్కు ప్రశ్నగా మిగలడం నాకు కష్టంగానే ఉంటుంది.

అయితే నన్ను ఎక్కువగా వెంటాడేది ఆయన తీసేయించిన మాట. 1947 అక్టోబరు నాటి ఆ తొలి ముసాయిదాలో, 'డ్యూ ప్రాసెస్' లేకుండా ఎవరి ప్రాణాన్నీ స్వేచ్ఛనూ హరించకూడదని ఉంది. అంటే చట్టం ఉంటే చాలదు, ఆ చట్టం న్యాయంగానూ ఉండాలి, అలా ఉందో లేదో కోర్టు చూస్తుంది. ఆ తరవాత రావు అమెరికా వెళ్లి అక్కడి సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ ఫ్రాంక్‌ఫర్టర్‌ను కలిశారు. 1937లో 'క్రమబద్ధ స్వేచ్ఛ' అన్న భావాన్ని తీర్పులోకి తెచ్చిన జస్టిస్ కార్డోజో కుర్చీలో కూర్చున్నది ఈయనే. ప్రజలు ఎన్నుకున్న సభ చేసిన చట్టాన్ని కొద్దిమంది జడ్జీలు కొట్టేయగలగడం ప్రజాస్వామ్యం కాదని, ఆ బరువు కోర్టులకూ మంచిది కాదని ఫ్రాంక్‌ఫర్టర్ సలహా. ఆ సలహా గాలిలోంచి ఊడిపడలేదు. రొట్టెల బట్టీల్లో పనివాళ్లతో రోజుకు పది గంటలకు మించి పని చేయించకూడదని న్యూయార్క్ చేసిన చట్టాన్ని 1905లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది ఈ డ్యూ ప్రాసెస్ పేరుతోనే.

రావు భయమూ అలాంటిదే. ఇక్కడ జమీందారీలు రద్దు కావాలి, కౌలుదార్లకు రక్షణ రావాలి. కోర్టులు అడ్డుపడితే? 1948లో ఆ మాట పోయి, 'చట్టం ఏర్పరచిన పద్ధతి' అన్నది వచ్చింది. నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఆ మార్పును సభలో గట్టిగా సమర్థించారు. అంబేడ్కర్ మాత్రం ఎటూ తేల్చుకోలేక నిర్ణయం సభకే వదిలేశారు. తొమ్మిది నెలలకు ఇప్పటి 22వ అధికరణాన్ని తెచ్చి, పోయినదాంట్లో కొంతైనా పూడ్చే ప్రయత్నం చేశారు.

నేను రావును తప్పుపట్టడానికి చాలాసార్లు కూర్చున్నాను. కూర్చున్న ప్రతిసారీ పేదరైతు వైపు నిలబడ్డ మనిషే కనిపించాడు. అయినా లెక్క ఎక్కడో తప్పింది. రాజ్యాంగం అమల్లోకి వచ్చి నెల తిరిగేసరికి పార్లమెంటు ముందస్తు నిర్బంధ చట్టం చేసింది. మద్రాసు రాష్ట్రంలో నిర్బంధంలో ఉన్న కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ సుప్రీంకోర్టుకు వెళ్తే, సభ చేసిన చట్టం ఉంది కదా, చాలునంది ధర్మాసనం. జస్టిస్ ఫజల్ అలీ ఒప్పుకోలేదు. భూమి కోసం తెరిచిన దారిలో జైలు తాళం వచ్చింది.

కార్డోజో 'క్రమబద్ధ స్వేచ్ఛ' మాటకొస్తే, క్రమం లేని స్వేచ్ఛ బలవంతుడికే దక్కుతుందని నేనూ నమ్ముతాను. మా ఊరి చెరువు కింద తూము దగ్గర వంతు తప్పితే నష్టపోయేది ఎప్పుడూ చివరి మడి రైతే. కానీ ఆ వంతు తూము తీసేవాడికీ వర్తించాలి కదా. రావు పౌరుడికీ భూస్వామికీ వంతు గీశారు. తూము తాళం చేతిలో ఉన్న సభకు గీయలేదు. తనలాంటి నిజాయితీపరులే ఆ సభల్లో కూర్చుంటారని నమ్మారేమో అనిపిస్తుంది. 1976లో, ఎమర్జెన్సీ చీకట్లో, నిర్బంధితుడికి కోర్టు గుమ్మం కూడా లేదని నలుగురు జడ్జీలు చెప్పారు. కాదన్నది జస్టిస్ ఖన్నా ఒక్కరే. మేనకా గాంధీ పాస్‌పోర్టు కేసులో, ఆ పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండి తీరాలని సుప్రీంకోర్టు అనేసరికి 1978 వచ్చింది. తీసేసిన మాట పేరు లేకుండానే తిరిగొచ్చింది.

అల్లాడి, రావు ఇద్దరూ 1953లోనే పోయారు, రెండు నెలల తేడాతో.

ఇదంతా చెప్పేసరికి పదకొండయింది. మా అమ్మాయి పుస్తకం మూయలేదు. బి.ఎన్. రావు బిట్ పక్కన పెన్సిల్‌తో 1978 అని రాసుకుని, "మరి ఆ ఇరవై ఎనిమిదేళ్లలో లోపలికి వెళ్లినవాళ్లు నాన్నా?" అంది.